సోలార్ దీపం ఇస్తే సరిపోదు

హాస్టల్ వార్షికోత్సవం దగ్గర పడుతుందంటే పూర్వ విద్యార్థుల మధ్య ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఈసారి హాస్టల్‌కు ఏమిద్దాం?" ఒకప్పుడు స్టీలు కంచాలు, దుప్పట్లు, గోడ గడియారం, ఫ్యాన్లు ఇచ్చుకున్నాం. ఇప్పుడు ఆ జాబితాలోకి సోలార్ దీపాలు కూడా చేరాయి. సంతోషించవలసిన విషయమే. అయితే ఒక్క మాట మాత్రం స్పష్టంగా చెప్పాలనుకుంటున్నాం. సోలార్ దీపం కంచం లాంటిది కాదు. కంచం ఇచ్చి వెళ్లిపోవచ్చు. సోలార్ దీపం ఇచ్చేవాళ్లు దాన్ని సరిగా కలిపి, కొలిచి, కనిపెట్టుకునే చేతులను కూడా హాస్టల్లోనే తయారు చేసి వెళ్లాలి. అలా చేయలేనప్పుడు అది కొన్నాళ్లకు డాబా మీద పనికిరాని అద్దంగానో, అంతకంటే ఘోరంగా పిల్లలు పడుకునే గదిలో ఒక ప్రమాదంగానో మిగులుతుంది. ఇదీ మా అభిప్రాయం.

వీధి దీపం కింద చదివి గొప్పవాళ్లయిన వారి కథలు ప్రతి వార్షికోత్సవ సభలోనూ వింటాం. చప్పట్లు కొడతాం. కానీ వీధి దీపం కింద చదవడం గొప్ప కాదు, చదవాల్సి రావడం అన్యాయం. పదో తరగతి పరీక్షలు జరిగే రోజులు వేసవి మొదలయ్యే రోజులు. సాయంత్రం గాలి దుమారం లేచిందంటే ఎక్కడో ఒక కొమ్మ తీగల మీద పడుతుంది, కరెంటు పోతుంది. నగరంలో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వెంటనే జనరేటర్ మోగుతుంది. మన స్టడీ అవర్లో సెల్‌ఫోను టార్చి వెలుగుతుంది, అది కూడా వాచ్‌మన్ అన్నదో, ట్యూటర్ గారిదో. కరెంటు సరఫరా మునుపటి కంటే బాగుపడిన మాట నిజమే. కానీ పరీక్ష ముందు రోజు పోయిన రెండు గంటలను ఆ తర్వాత ఎంత మంచి సరఫరా ఇచ్చినా తిరిగి తేలేము.

పరిష్కారం మనకు దూరంగా లేదు. సిలికాన్‌తో పనికొచ్చే సౌర ఘటాన్ని అమెరికాలోని బెల్ ప్రయోగశాల 1954లో లోకానికి చూపించింది. మన కర్నూలు ప్రాంతంలోనే గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017 నాటికి నిలబడింది. మన బిడ్డలు చదువుకునే గదికి కావలసింది అందులో కోటి వంతు, అంటే 100 వాట్లు. ఆ మాత్రం మన చేతిలో ఉన్న పనే.

ముందు లెక్క, తర్వాత కొనుగోలు

దుకాణానికి వెళ్లి "ఒక సోలార్ సెట్టు ఇవ్వండి" అనడంతోనే చిక్కు మొదలవుతుంది. ఎంత కావాలో మనకే తెలియకపోతే అమ్మేవాడి దగ్గర ఉన్నదే మనకు కావలసింది అవుతుంది. ఈ లెక్క పదో తరగతి తమ్ముడు, చెల్లెలు వేయగలిగినదే.

ఒక స్టడీ హాలుకు 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు, నేరుగా 12 వోల్టుల డీసీ మీద వెలిగేవి పెట్టామనుకుందాం. మొత్తం 36 వాట్లు. 36ను 12తో భాగిస్తే 3 ఆంపియర్లు. రాత్రికి నాలుగు గంటలు వెలిగితే 12 ఆంపియర్ అవర్లు. మబ్బు పట్టిన మరుసటి రోజు కోసం రెండు రాత్రులకు సరిపడా ఉంచుకుంటే 24. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఎప్పుడూ సగానికి మించి ఖాళీ చేయకూడదు, చేస్తే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. కనుక 24కు రెట్టింపు, సుమారు 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కావాలి.

ఇక ప్యానెల్. మన ప్రాంతంలో మంచి ఎండ ఉన్న రోజున నాలుగైదు గంటల పూర్తి ఎండతో సమానమైన శక్తి దొరుకుతుంది. 100 వాట్ల ప్యానెల్ కాగితం మీద 400 వాట్ అవర్లు ఇవ్వాలి. వేడికి, దుమ్ముకు, తీగలకు, బ్యాటరీకి పోయింది పోగా 260 దాకా చేతికొస్తాయి. రాత్రికి మన ఖర్చు 144. మబ్బు రోజున రాబడి సగానికి పడిపోయినా పెద్ద ఇబ్బంది ఉండదు. ఈ ప్యానెల్ ఇచ్చే కరెంటు ఐదున్నర ఆంపియర్ల దగ్గర ఉంటుంది. అది 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో ఇంచుమించు పదో వంతు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఛార్జింగుకు ఆ పాళ్లు చక్కగా సరిపోతాయి. దీనికి 10 ఆంపియర్ల ఛార్జ్ కంట్రోలర్ చాలు.

ఇంత చిన్న లెక్క వేయకపోవడం వల్లే కొన్ని చోట్ల పెద్ద ప్యానెల్, చిన్న బ్యాటరీ, మరికొన్ని చోట్ల చిన్న ప్యానెల్, పెద్ద బ్యాటరీ కనబడతాయి. రెండో రకంలో బ్యాటరీ ఏనాడూ నిండదు. ఎప్పుడూ అర్ధాకలితో ఉండే బ్యాటరీ ఎక్కువ కాలం బతకదు. ఆకలి సంగతి హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా!

పన్నెండు వోల్టులేగా అనుకోవద్దు

మాలో కొందరం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివాం, మరికొందరం పాలిటెక్నిక్ చదివాం. సోలార్ గురించి మేము తరచుగా వినే మాట, "పన్నెండు వోల్టులేగా, షాక్ కొట్టదు" అని. పొడి చేతికి షాక్ కొట్టని మాట నిజమే. కానీ ప్రమాదం షాక్ ఒక్కటే కాదు. బ్యాటరీ ప్లస్‌కు, మైనస్‌కు మధ్య ఒక స్పానర్ అడ్డంగా పడిందంటే వందల ఆంపియర్లు ఒక్కసారిగా దాని గుండా పారతాయి. స్పానర్ ఎర్రగా కాలుతుంది, కరిగిన లోహం చిందుతుంది. చేతికి కడియమో ఉంగరమో ఉంటే అదే కాలి చర్మానికి అంటుకుంటుంది. అందుకే బ్యాటరీ దగ్గరికి వెళ్లే ముందు కడియం, ఉంగరం, గడియారం తీసేయాలి. స్పానర్ పిడికి పూర్తిగా ఇన్సులేషన్ టేపు చుట్టాలి. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి.

రెండో అపోహ టెస్టరు గురించి. బల్బు ఉన్న స్క్రూడ్రైవర్ టెస్టరును తీగకు ఆనించి, వెలగలేదు కాబట్టి కరెంటు లేదంటారు. ఆ టెస్టరు ఇంటి కరెంటు కోసం చేసినది. 12 వోల్టులకు, 20 వోల్టులకు అది వెలగనే వెలగదు. బ్యాటరీ నిండుగా ఉన్నా, ప్యానెల్ ఎండలో ఉన్నా అది మౌనంగానే ఉంటుంది. సోలార్ పనికి కావలసింది మల్టీమీటరు.

మూడో సంగతి హాస్టల్‌కు ప్రత్యేకమైనది. బ్యాటరీని పిల్లలు పడుకునే హాల్లో, ట్రంకు పెట్టెల పక్కన పెట్టకూడదు. ట్రంకు పెట్టె ఇనుముది, దాని మూత బ్యాటరీ మీద వాలితే ఏమవుతుందో పైన చెప్పాం. ఛార్జింగ్ అయ్యేటప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. దోమల చుట్ట, అగరుబత్తి, కొవ్వొత్తి ఆ దరిదాపుల్లో ఉండకూడదు. గాలి ఆడే చోట, నేల మీద కాకుండా ప్లాస్టిక్ ట్రేలో, జాలీ ఉన్న పెట్టెలో పెట్టి తాళం వేయాలి. తాళం చెవి వార్డెన్ గారి దగ్గర ఒకటి, దీపాల బాధ్యత తీసుకున్న విద్యార్థి దగ్గర ఒకటి ఉండాలి. యాసిడ్ ఒంటి మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో చాలాసేపు కడగాలి. కంట్లో పడితే అలా కడుగుతూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. సోలార్ 12 వోల్టుల తీగలను హాస్టల్ గోడలో ఉన్న పాత వైరింగుతో ఎక్కడా కలపకూడదు. రెండింటికీ ఒకే రకం ఐదు ఆంపియర్ల సాకెట్ వాడటం చాలా చోట్ల చూస్తుంటాం. ఆరో తరగతి పిల్లవాడు 12 వోల్టుల బల్బు తీసుకెళ్లి 230 వోల్టుల సాకెట్లో పెడితే అది చేతిలోనే పేలవచ్చు. డీసీకి వేరే రకం సాకెట్, వేరే రంగు తీగ, పక్కన పెద్ద అక్షరాలతో "సోలార్ 12 వోల్టులు" అన్న రాత ఉండాలి. ఇన్వర్టర్ పెట్టి 230 వోల్టులు తయారు చేయాలనుకుంటే అది మామూలు కరెంటుతో సమానమైన ప్రమాదమే. దాన్ని మెయిన్ లైనుకు తప్పుగా కలిపితే, కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. ఆ పని అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్‌దే తప్ప విద్యార్థిది కాదు. మనకు దీపాలు మాత్రమే చాలు అనుకుంటే ఇన్వర్టర్ అవసరమే లేదు. చదువుకునే గదికి డీసీ దీపాలే మేలని మా సలహా.

కొలవనిదే కలపవద్దు

కలిపే పద్ధతికి ఒక వరుస ఉంది. వరుస తప్పితే ఖర్చు, ఒక్కోసారి ప్రమాదం. ఆ వరుసలో మొదటిది కలపడం కాదు, కొలవడం.

మొదట ప్యానెల్ వెనుక అంటించిన చీటీ చదవాలి. 12 వోల్టుల బ్యాటరీ కోసం చేసిన 36 ఘటాల ప్యానెల్ మీద, ఏమీ కలపనప్పటి వోల్టేజి 21 లేదా 22 అని ఉంటుంది. మీటరును డీసీ 200 వోల్టుల మీద పెట్టి, ఎండలో ప్యానెల్ తీగలకు ఆనించి చూడాలి. 20 వోల్టుల మీద పెడితే చవక మీటర్లు "1" అని మాత్రమే చూపిస్తాయి, ప్యానెల్ పాడైందని కంగారుపడతారు. మే నెల ఎండలో 19, 20 వోల్టులే కనబడినా భయపడనవసరం లేదు. ప్యానెల్ వేడెక్కే కొద్దీ వోల్టేజి తగ్గడం దాని స్వభావం. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే తీగలు తారుమారయ్యాయని అర్థం. అప్పుడే ప్లస్ తీగకు ఎర్ర టేపు, మైనస్ తీగకు నల్ల టేపు చుట్టేయాలి.

రెండవది బ్యాటరీ. ఛార్జింగు ఆపి కొన్ని గంటలు ఊరకే ఉంచిన నిండు బ్యాటరీ 12.6, 12.7 వోల్టులు చూపిస్తుంది. 12 దగ్గర ఉంటే సగానికి పైగా ఖాళీ అయినట్టు. కొత్తదని కొన్న బ్యాటరీ 12 కంటే బాగా తక్కువ చూపిస్తే దుకాణంలోనే ప్రశ్నించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. మల్టీమీటరుకు "10 ఏ" అని రాసిన ఇంకో రంధ్రం ఉంటుంది, అది ఆంపియర్లు కొలవడానికి. ఎర్ర తీగ ఆ రంధ్రంలో ఉండగా బ్యాటరీ రెండు కొనలకూ ఆనించారంటే, స్పానర్ అడ్డం పెట్టినట్టే. చాలా చవక మీటర్లలో ఆ రంధ్రానికి లోపల ఫ్యూజు కూడా ఉండదు. మీటరు కాలుతుంది, చేయి కాలుతుంది. కనుక ప్రతిసారీ ముందు ఎర్ర తీగ ఏ రంధ్రంలో ఉందో చూడాలి, తర్వాత తిప్పే మీట ఏ గుర్తు మీద ఉందో చూడాలి, ఆ తర్వాతే ఆనించాలి. "రంధ్రం, మీట, ఆ పైన ముట్టు" అని తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కాలలా బట్టీ పడితే బాగుంటుంది. బట్టీ పనికొచ్చే కొద్ది సందర్భాలలో ఇది ఒకటి.

మూడవది తీగలు. ఏమీ కలపక ముందే ప్రతి జత తీగనూ మీటరుతో పరీక్షించి ఎక్కడా తెగలేదని, ప్లస్సూ మైనస్సూ ఎక్కడా తగులుకోలేదని తెలుసుకోవాలి. తీగ మందం సంగతి కూడా ఇక్కడే. పది మీటర్ల దూరానికి పోను, రాను కలిపి ఇరవై మీటర్ల తీగ. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ వాడితే 3 ఆంపియర్లకు చివరి బల్బు చేరేలోపు ఒక వోల్టు పైగా తీగలోనే పోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే అర వోల్టు కంటే తక్కువే పోతుంది. 230లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు, 12లో పోతే బల్బు చెబుతుంది. ఓమ్ నియమాన్ని పరీక్షలో నాలుగు మార్కుల కోసం రాస్తున్నాం. అది మన స్టడీ హాలు గోడ మీదే కనబడుతుంటే మరిచిపోయేవాళ్లు ఉంటారా?

నాలుగవది ఫ్యూజు. బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు తీగను కాపాడటానికి, అంటే దాని అంకె తీగ మోయగలిగిన దానికంటే తక్కువ, మామూలుగా పారే కరెంటు కంటే ఎక్కువ ఉండాలి. మనం చెప్పుకున్న సెట్టుకు బ్యాటరీ వైపు 10 ఆంపియర్లు, దీపాల వైపు 5 ఆంపియర్లు సరిపోతాయి. ఏసీకి చేసిన ఫ్యూజులు, స్విచ్చులు, ట్రిప్పర్లు ఇక్కడ పెట్టవద్దు. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చులో లేచిన మెరుపు తనంతట తాను ఆరుతుంది. డీసీకి ఆ విరామం లేదు. డీసీ అని రాసి ఉన్నవే కొనాలి. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి పోగు చుట్టడం మన ఊళ్లలో తెలివితేటలుగా చెలామణి అవుతుంది. ఆ తెలివి హాస్టల్లోకి రాకూడదు.

ఇప్పుడు కలపడం. కంట్రోలర్‌కు మొదట బ్యాటరీ, తర్వాత ప్యానెల్, చివరికి దీపాలు. ముందు బ్యాటరీని చూస్తేనే చాలా కంట్రోలర్లు తాము ఎన్ని వోల్టుల మీద పనిచేయాలో తెలుసుకుంటాయి. బ్యాటరీ లేకుండా ప్యానెల్ కలిపితే కొన్ని కాలిపోతాయి. ఫ్యూజు తీసి ఉంచి తీగలు బిగించి, ప్లస్ మైనస్ మరొకసారి చూసుకుని, అప్పుడు ఫ్యూజు పెట్టాలి. ప్యానెల్ కలిపేటప్పుడు దాని మీద దుప్పటి కప్పాలి. ఎండ పడినంతసేపూ ప్యానెల్‌కు స్విచ్చు లేదు, దుప్పటే దాని స్విచ్చు. విప్పేటప్పుడు వరుస తిరగబడుతుంది. మొదట దీపాలు, తర్వాత ప్యానెల్, ఆఖరున బ్యాటరీ. కంట్రోలర్‌తో వచ్చిన కాగితంలో వేరేగా రాసి ఉంటే ఆ కాగితం మాటే చెల్లుతుంది.

కలిపాక పరీక్ష ఉంది. దుప్పటి తీయగానే బ్యాటరీ దగ్గర వోల్టేజి మెల్లగా పెరగాలి. పెరగకపోతే ఛార్జింగు అందడం లేదు. బ్యాటరీ నిండే వేళకు 14.4 దగ్గర నిలవాలి. 15 దాటిందంటే కంట్రోలర్ తన పని చేయడం లేదు, వెంటనే ప్యానెల్ మీద దుప్పటి కప్పేయాలి. రాత్రికి దీపాలన్నీ వేసి బ్యాటరీ దగ్గర ఒకసారి, చివరి బల్బు దగ్గర ఒకసారి కొలవాలి. తేడా అర వోల్టు దాటితే ఎక్కడో బిగింపు వదులుగా ఉంది. అరగంట తర్వాత ఏ జాయింటైనా వెచ్చగా తగిలితే అదే ఆ చోటు. నాలుగు గంటల తర్వాత బ్యాటరీ వోల్టేజిని మళ్లీ కొలిచి రాసుకోవాలి. ఆ అంకె మన సెట్టు పుట్టిన తేదీన తీసిన బరువు లాంటిది. ఆరు నెలల తర్వాత అదే పరీక్షలో అంకె బాగా తగ్గితే జబ్బు ఎప్పుడు మొదలైందో తెలుస్తుంది.

పిల్లల చేతికి ఇవ్వవచ్చునా?

ఈ మాటలు చెప్పినప్పుడు కొందరు వార్డెన్ గార్లు సందేహిస్తారు. "పిల్లలకు ఏమైనా అయితే జవాబు చెప్పేది మేమే కదా" అంటారు. వారి భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. అందుకే గీత ఎక్కడ గీయాలో కూడా చెబుతున్నాం. డాబా అంచున ఫ్రేము బిగించడం, ఇన్వర్టర్ పని, మెయిన్ బోర్డు పని పెద్దవాళ్లవి, అర్హులవి. ఉరుములు మెరుపుల వేళ ఎవరూ డాబా ఎక్కకూడదు. చిన్న తరగతుల పిల్లలు బ్యాటరీ పెట్టె తెరవకూడదు. మీటరుతో వోల్టేజి కొలవడం, రిజిస్టరు రాయడం, పొద్దున్నే చల్లటి వేళ ప్యానెల్ తుడవడం, దాని మీద నీడ పడకుండా చూడటం మాత్రం తొమ్మిది, పది తరగతుల వాళ్లు ట్యూటర్ గారి ఎదుట నిక్షేపంగా చేయవచ్చు. నీడ అంటే చెట్టుదే కానక్కరలేదు. డాబా మీద ఆరేసిన ఒక్క లుంగీ నీడ పడినా ప్యానెల్ రాబడి సగానికి సగం పడిపోవచ్చు.

చేతకాదన్న మాట మాత్రం ఒప్పుకోం. రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊరుంది. అక్కడ 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీ, బడి ముఖం పెద్దగా చూడని పల్లె మహిళలకు సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పుతోంది. ఆఫ్రికా దేశాల నుంచి కూడా అవ్వలు వచ్చి, భాష రాకపోయినా రంగుల గుర్తులతో నేర్చుకుని తమ ఊళ్లకు వెలుగు తీసుకుపోయారు. అవ్వలు చేయగలిగినది మన పదో తరగతి పిల్లలు చేయలేరా? అనుమానం పిల్లల తెలివి మీద కాదు, హాస్టల్ పిల్లలు అన్న మాట మీద ఉందేమో అని మాకు అనిపిస్తుంది. వీళ్లు పుచ్చుకునేవాళ్లు, వీళ్లకు ఇవ్వాలి, ఫొటో తీయించుకోవాలి, వెళ్లాలి అన్న చూపు మారాలి.

డాక్టర్ అంబేడ్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభను స్థాపించారు. ఆ సభ తొలి పనులలో ఒకటి 1925లో షోలాపూర్‌లో విద్యార్థుల కోసం హాస్టల్ తెరవడం. తలదాచుకునే చోటు కోసమే అయితే అంత పెద్ద మనిషి దానికి అంత ముందు పీట వేసేవారు కాదు. హాస్టల్ మనుషులు తయారయ్యే చోటు. మన చేత్తో పెట్టిన దీపం కింద చదవడం అందులో భాగమే.

పూర్వ విద్యార్థులకు మా విన్నపం

ఇవ్వదలచుకున్న అన్నలకు, అక్కలకు కొన్ని మాటలు. మంచి ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ జాగ్రత్తగా చూసుకుంటే నాలుగైదేళ్లు వస్తుంది. అంటే మీరు ఇచ్చే ప్యానెల్ ఒక జీవితకాలంలో ఐదారు బ్యాటరీలను చూస్తుంది. మొదటి బ్యాటరీ ఇచ్చి రెండోదాని సంగతి మరిచిపోతే దీపం ఆయుష్షు నాలుగేళ్లే. కాబట్టి ఖర్చు మొత్తం ఒకేసారి పెట్టకుండా రెండో బ్యాటరీ కోసం కొంత విడిగా ఉంచండి. లిథియం బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది, నీళ్లు పోసే పని లేదు. కానీ దానికి తగిన కంట్రోలరే కావాలి, లెడ్ యాసిడ్ కోసం పెట్టినది సరిపోతుందో లేదో చూడకుండా మార్చకూడదు. పాత బ్యాటరీని హాస్టల్ వెనుక పడేయకండి. అందులో సీసం ఉంటుంది, అది పిల్లల మెదడుకు విషం. పాత బ్యాటరీలను తిరిగి తీసుకునే పద్ధతి మన దేశంలో 2001 నుంచీ నిబంధనల్లో ఉంది, 2022లో కొత్త నిబంధనలూ వచ్చాయి. పాతది అమ్మినవాడికే అప్పగించి రసీదు తీసుకోండి.

ప్యానెల్‌తో పాటు ఒక మల్టీమీటరు, నాలుగు అదనపు ఫ్యూజులు, కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు, డిస్టిల్డ్ వాటర్ సీసా కూడా ఇవ్వండి. వీటన్నిటికీ పెద్ద ఖర్చు కాదు. తీగలు ఎలా కలిశాయో తెలుగులో గీసిన పటం ఒకటి అట్ట కట్టి గోడకు తగిలించండి. అన్నిటికంటే ముఖ్యంగా ఒక ఆదివారం ఇవ్వండి. ఆ రోజు మీరు బిగించి చూపించవద్దు. మీరు పక్కన నిలబడండి, కొలిచేది పిల్లలు కావాలి. మీరు వెళ్లిపోయాక ఉండేది వాళ్లే.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. దీపాలకు ఒక రిజిస్టరు పెట్టండి. వారానికి ఒకసారి తేదీ, ఉదయం వోల్టేజి, రాత్రి వోల్టేజి, నీళ్ల మట్టం, సంతకం. తొమ్మిదో తరగతి వాళ్లు ఎనిమిదో తరగతి వాళ్లకు నేర్పాలి. పదో తరగతి అయిపోయి వెళ్లేవాళ్లు తాళం చెవినీ రిజిస్టరునూ అప్పగించి వెళ్లాలి. నేర్చుకున్నది రేపు ఐటీఐలోనో, పాలిటెక్నిక్‌లోనో, సొంత ఊళ్లో బోరు మోటారు దగ్గరో అక్కరకొస్తుంది.

చివరిగా, ఈ చిన్న దీపాన్ని ఎవరూ సాకుగా వాడుకోకూడదు. సోలార్ పెట్టుకున్నారు కదా అని హాస్టల్ పాత వైరింగును బాగుచేయడం, సరైన ఎర్తింగు వేయడం, ఎదిగే పిల్లలకు చాలినన్ని లైట్లు, ఫ్యాన్లు ఇవ్వడం వాయిదా వేయడానికి వీల్లేదు. అవి ప్రభుత్వం బాధ్యత, మన హక్కు. అడగడం మానం. అడుగుతున్నంత కాలం చీకట్లో కూర్చోవడం కూడా మానదాం. వచ్చే వార్షికోత్సవానికి దాతల పేర్లతో పాటు ఆ రిజిస్టరును కూడా వేదిక మీద పెట్టి, అందులో సంతకాలు చేసిన పిల్లలను పిలిచి చప్పట్లు కొడదాం.